జిగోంగ్ ఉప్పు వర్తకుల సంఘ భవనం చూడదగినదేనా?

ప్రశ్న (రాజోలు): రొయ్యల మేత యంత్రాల పని మీద చైనాలోని చెంగ్డూ వెళ్తున్నాను. ఒక రోజు తీరిక ఉంటుంది కాబట్టి, జిగోంగ్‌లోని షీచిన్ వర్తక సంఘ భవనాన్ని చూసి రావచ్చా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు (అమలాపురం): తప్పక వెళ్లండి. షియాన్ రాజధానిగా గల షాన్‌షీ ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన ఉప్పు వర్తకులు 1736లో మొదలుపెట్టి 1752కు పూర్తిచేసిన ఈ భవనంలో, వారు తమ ఆరాధ్యుడైన ప్రాచీన చైనా సేనాని గువాన్ యూను కొలిచేవారు, వ్యవహారాలు తేల్చుకునేవారు, నాటకాలు చూసేవారు. ద్వారం దాటి వెనక్కి తిరిగితే పైనే నాటకరంగం కనిపిస్తుంది. దాని చూరు కొనలు పైకి వంపు తిరిగి ఉంటాయి. దూలాల మీది బంగారు పూత చెక్కడాలను నిదానంగా చూడండి. నాకు అన్నిటికంటె నచ్చినవి అవే.

జవాబు (నరసాపురం): లోపలే ఉప్పు చరిత్ర మ్యూజియం ఉంది, దాన్ని వదలకండి. భూమి లోపలి ఉప్పునీటి కోసం, ఏతం తొక్కినట్టు మనుషులు మీటను తొక్కుతూ, వెదురు బద్దల తాడుకు కట్టిన ఇనుప ఉలితో నేలను తొలిచేవారు. ఆ పద్ధతిలోనే అక్కడి షెన్‌హాయ్ బావి 1835లో 1,001 మీటర్ల లోతుకు చేరింది. ఉప్పునీటితోపాటు వచ్చిన సహజవాయువుతోనే దాన్ని మరిగించేవారు. గ్యాస్ బావుల మధ్య పెరిగిన మన కోనసీమవారికి ఇది ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. ఆ బావిని కూడా చూసే వస్తాను.