చంటిబిడ్డ ఉన్న ఇంట్లో పెద్ద కథల వీడియో గేమ్‌లు ఆడేవారు సమయం ఎలా కుదుర్చుకుంటున్నారు?

కొర్లగుంట నాన్న, తిరుపతి:

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాకు ఈ మధ్యే పాప పుట్టింది. పురుడు చిత్తూరులో మా అత్తగారింట్లో జరిగింది, మూడో నెల నిండాక తల్లీబిడ్డలను తిరుపతికి తీసుకువచ్చాను. అక్కడ ఉన్నంతకాలం నలుగు పెట్టి నీళ్లు పోయడం, సాంబ్రాణి పట్టడం, ఏడిస్తే ఎత్తుకొని తిప్పడం అన్నీ పెద్దవాళ్లే చూసుకున్నారు. ఇక్కడ మేమిద్దరమే. పగలు నేను ఆఫీసుకు వెళ్తాను కాబట్టి సాయంత్రం వచ్చినప్పటి నుంచి అర్ధరాత్రి దాకా పాపను ఎత్తుకోవడం, త్రేన్పు తెప్పించడం, జోకొట్టడం నా వంతుగా పెట్టుకున్నాం.

ఇంటర్మీడియట్ రోజుల నుంచి నాకు గేమ్‌లంటే ప్రాణం. ముఖ్యంగా 2015లో వచ్చిన ‘ది విచర్ 3’, 2018లో వచ్చిన ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ వంటి పెద్ద కథల గేమ్‌లు. కొత్త ఊరిలో అడుగుపెట్టి, అక్కడి మనుషుల మాటలు ఓపికగా విని, ఎవరిని నమ్మాలో మనమే తేల్చుకొని, ఆ నిర్ణయం తాలూకు మంచిచెడ్డలు పది గంటల ఆట తర్వాత ఎదురైనప్పుడు కలిగే అనుభూతి కోసమే నేను ఆడతాను. దానికి కనీసం రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. ఇప్పుడు పాప పడుకున్నాక దొరికేది ఇరవై నిమిషాలో గంటన్నరో ముందుగా తెలియదు. సమయం తగ్గినందుకు నాకు బాధ లేదు, అది ఎప్పుడు తెగిపోతుందో తెలియకపోవడమే కష్టంగా ఉంది. కథలో ఒక పాత్ర ఏదో ముఖ్యమైన సంగతి చెబుతూ ఉంటే నా మనసు సగం ఉయ్యాల వైపే ఉంటోంది.

గత నెల ‘ఎల్డెన్ రింగ్’ మొదలుపెట్టాను. ఆడినవారికి తెలిసే ఉంటుంది, అందులో పాజ్ లేదు. మెనూ తెరిచినా శత్రువు ఆగడు. ఇది కాక, కాలేజీ రోజుల నుంచి రాత్రి పది గంటలకు ఫోన్‌లో బీజీఎంఐ (‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ అనే ఆన్‌లైన్ తుపాకుల గేమ్) ఆడే మా నలుగురి స్క్వాడ్ ఒకటి ఉంది. మ్యాచ్ మధ్యలో నేను లేచిపోతే మిగిలిన ముగ్గురి ఆట పాడవుతుంది. పైగా మా ఇంట్లో టీవీ ఉన్న హాల్లోనే చీర ఉయ్యాల కట్టాం, దూలం ఉన్నది అక్కడే.

బిడ్డ పుట్టాక ఇంకా ఆటలేమిటని మా ఇంటి పెద్దలు అంటున్నారు. వారి ఆందోళన నాకు అర్థమవుతుంది, అయినా రోజంతా పనిచేసి వచ్చిన మనిషికి తనకిష్టమైనది కొంత మిగలాలని నా నమ్మకం. నా భార్య విశ్రాంతిని గానీ, పాపకు నేను ఇవ్వవలసిన దృష్టిని గానీ తగ్గించకుండా ఈ ఇష్టాన్ని నిలుపుకున్నవారు ఉంటే, మీ ఇళ్లలో దీన్ని ఎలా కుదుర్చుకున్నారో వివరంగా చెప్పండి.

గ్రీమ్స్‌పేట అమ్మ, చిత్తూరు:

తమ్ముడూ, మా బాబుకు ఏడాదిన్నర. గేమ్‌ల పిచ్చి మా ఇంట్లో నాకే ఎక్కువ, కాబట్టి తల్లి వైపు నుంచి చెబుతాను.

ఏ గేమ్ ఆడాలి అనేదానికంటే ముందు, మీరు ఆడుతున్న ఆ గంట ఎవరి గంటలోంచి వచ్చిందో చూసుకోండి. మీరు ఆడుతున్నప్పుడు మా మరదలు నిద్రపోతూ ఉంటే, పాప కూడా పడుకొని ఉంటే, ఆ సమయం నిజంగా మీదే. మీరు ఆడుతున్నందువల్ల ఆమె మెలకువగా ఉండవలసి వస్తే, అది ఎంత గొప్ప గేమ్ అయినా ఇంట్లో మనస్పర్థే తెస్తుంది. బాలింత ఒంటికి నిద్రను మించిన మందు లేదు. అర్ధరాత్రి దాకా మీరు చూసుకుంటున్నారంటే సగం సమస్య తీరినట్టే. మిగిలిన సగం మీరిద్దరూ కూర్చొని మాట్లాడుకుంటే తీరుతుంది.

మేము ఇలా చేశాం. శనివారం భోజనం అయ్యాక మా ఆయన బాబును తీసుకొని మా అత్తగారింటికి వెళ్తారు. నాకు ఫోన్ చేయరు, పాలసీసా ఎక్కడుందని కూడా అడగరు. ఆ పూట పూర్తిగా నాది. ఆదివారం అదే పూట ఆయనది. ఆయన గేమ్‌లు ఆడరు, క్రికెట్‌కు వెళ్తారు. నేనైతే ఆ పూటే పెద్ద కథల గేమ్‌లు తీస్తాను. మీరన్న తెగని రెండు గంటలు వారంలో ఒక్కసారి, అదీ ముందుగా మాట అనుకుంటేనే దొరుకుతాయి. రోజూ రాత్రి ఎదురుచూసి, దొరకక, విసుగుతో పాపను ఎత్తుకోవడం కంటే అది ఎంతో నయం. మీ ‘ఎల్డెన్ రింగ్’ను కూడా ఆ పూటకే ఉంచండి. పసిబిడ్డ పక్కన ఉండగా పాజ్ లేని గేమ్ పెట్టుకుంటే చేతిలోది వదిలి లేవడానికి మనకు తెలియకుండానే ఒక క్షణం ఆలస్యం చేస్తాం.

మిగతా రాత్రుళ్లకు, మన కోసం ఆగే గేమ్‌లు వేరే ఉన్నాయి. బాబుకు పాలిచ్చేటప్పుడు ఎడమ చేతి మడతలో వాడి తల, కుడి చేతిలో ఫోన్, ఒక్క బొటనవేలితో ఆట. ‘స్లే ది స్పైర్’, ‘బలాట్రో’ రెండూ ముక్కలతో (కార్డులతో) ఆడే గేమ్‌లే. మన వంతు మనం ఆడేదాకా అవతల ఏదీ కదలదు, గంట తర్వాత తీసినా ముక్కలు అలాగే ఉంటాయి. ‘స్టార్‌డ్యూ వ్యాలీ’లో ఒక రోజు దాదాపు పద్నాలుగు నిమిషాల్లో గడిచిపోతుంది, పాత్ర పడుకున్నప్పుడు సేవ్ అవుతుంది. ఒక రోజు పొలం పని చూసుకొని లేచిపోవచ్చు. 2016లో వచ్చిన ఆ గేమ్‌ను ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషే, బొమ్మలూ సంగీతంతో సహా, తయారుచేశాడని తెలిసినప్పటి నుంచి నాకు దానిమీద ఇంకా గౌరవం పెరిగింది.

ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాను. ఫోన్ రాత్రి పాలప్పుడే, అదీ వెలుగు బాగా తగ్గించి, వాడి ముఖం మీద పడకుండా. నడిరాత్రి కునుకు పట్టకుండా కూర్చోవడానికి అది నిజంగా పనికొచ్చింది. పగటి పాలప్పుడు ఫోన్ పక్క గదిలోనే. పసిబిడ్డకు మొదట్లో స్పష్టంగా కనిపించే దూరం ఇరవై ముప్పై సెంటీమీటర్లే, అంటే రొమ్ము దగ్గర నుంచి తల్లి ముఖం దాకా. వాడు చూసేది నన్ను. ఆ చూపు నేను వదులుకోదలచుకోలేదు.

బైరాగిపట్టెడ నుంచి ఒక ఆటగాడు:

అక్క చెప్పినదాంట్లో సాంకేతిక సంగతులు కొన్ని కలుపుతాను, ఎందుకంటే ఎప్పుడు తెగుతుందో తెలియని సమయానికి గేమ్ ఎంత ముఖ్యమో యంత్రం కూడా అంతే ముఖ్యం. టీవీకి తగిలించే కన్సోల్‌లలో, ప్లేస్టేషన్ 5లో రెస్ట్ మోడ్ పెట్టి లేచిపోతే గేమ్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే తిరిగి మొదలవుతుంది. అయితే ఆ స్థితి కరెంటు ఉన్నంతసేపే నిలుస్తుంది. గాలివాన వచ్చి కరెంటు పోయిందంటే చివరిసారి సేవ్ చేసిన చోటికే వెళ్తాం. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లలో క్విక్ రెస్యూమ్ అనే సదుపాయం ఆ స్థితిని లోపలి ఎస్‌ఎస్‌డీలో (కరెంటు పోయినా చెరగని స్టోరేజీలో) రాసిపెడుతుంది కాబట్టి ప్లగ్ పీకినా పోదు. చాలా ఇళ్లలో ఇన్వర్టర్‌ను ఫ్యాన్లకు, లైట్లకు మాత్రమే కలుపుతారు. టీవీ దగ్గరి ప్లగ్గుకు కూడా కలిపి ఉందో లేదో ఒకసారి చూసుకోండి, లేకపోతే చిన్న యూపీఎస్ పెట్టండి.

చేతిలో పట్టుకొని ఆడేవాటికి ఈ బెడద లేదు. 2017 మార్చిలో వచ్చిన నింటెండో స్విచ్, 2022లో వచ్చిన స్టీమ్ డెక్ రెండింటిలోనూ పవర్ బటన్ ఒక్కసారి నొక్కితే ఆన్‌లైన్ కాని ఏ గేమ్ అయినా ఉన్నచోటే నిద్రపోతుంది, మళ్లీ నొక్కితే క్షణాల్లో లేస్తుంది. ‘విచర్ 3’ ఆ రెండింటిలోనూ నడుస్తుంది. హాల్లో టీవీ, ఉయ్యాల ఒకేచోట ఉన్న మీ ఇంటికి ఇది ఇంకా ఉపయోగం, మీరు వెళ్లి వంటింటి గడప దగ్గర కూర్చున్నా ఆడుకోవచ్చు. నేను కొన్నప్పుడు రెండూ మన దేశంలో అధికారికంగా అమ్మేవి కావు, బయటి నుంచి తెప్పించినవే కొన్నాను. వారంటీ సంగతి ముందే అడిగి, ఆ తర్వాతే డబ్బు పెట్టండి.

కొర్లగుంట నాన్న, తిరుపతి:

అక్కా, మీరు చెప్పిన శనివారం, ఆదివారం పద్ధతి నా భార్యకు చదివి వినిపించాను. ఆమెకు నచ్చింది. తన పూట నిద్రపోవాలా, పుట్టింటికి వెళ్లిరావాలా, ఏమీ చేయకుండా ఉండాలా అన్నది తనే నిర్ణయించుకుంటానంది. అది న్యాయం. స్విచ్ మా తమ్ముడి దగ్గర ఉంది, అడిగి తెచ్చుకుంటాను.

ఇంకొక్క సందేహం. పాప హాల్లో పడుకొని ఉండగా, శబ్దం లేకుండా టీవీలో ఆడుకుంటే ఫర్వాలేదా? హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆమె ఏడుపు వినబడదేమోనని భయంగా ఉంది.

పిల్లల వార్డు నర్సు, తిరుపతి:

మీ భయం సరైనదే. రెండు చెవులూ మూసే హెడ్‌సెట్ వద్దు, ఒక చెవిలోనే చిన్న ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, లేదా శబ్దం తీసేసి సబ్‌టైటిళ్లతో ఆడండి. ఏడుపుకు ముందు బిడ్డ కదలడం, చప్పరించడం, చిన్నగా మూలగడం వంటి గుర్తులు ఇస్తుంది. అప్పుడే ఎత్తుకుంటే చాలాసార్లు గుక్కపట్టే దాకా పోదు. ఆ చిన్న శబ్దాలు మీ చెవిన పడాలి.

టీవీ విషయంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాదిలోపు పిల్లలకు తెర చూపించడం అసలు వద్దు. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్లలోపు వద్దనే చెబుతుంది, దూరాన ఉన్న తాతయ్య నాయనమ్మలతో వీడియో కాల్ ఒక్కటే మినహాయింపు. పాప నిద్రలో ఉన్నప్పుడు మీరు ఆడుకోవడం దీని కిందికి రాదు. కానీ మూడు నాలుగు నెలల బిడ్డ కళ్లు కదిలే వెలుగు వైపు తిరుగుతాయి. ఉయ్యాలలో మెలకువ వచ్చి టీవీ వైపు చూస్తోందని గమనిస్తే అక్కడితో కట్టేయండి. వీలైతే ఉయ్యాలకు, టీవీకి మధ్య ఒక తెర కట్టండి, పాత దుప్పటి చాలు.

ఇక మీరు అడగకపోయినా చెప్పవలసినది ఒకటి ఉంది. పాపను గుండెల మీద పడుకోబెట్టుకొని సోఫాలో వెనక్కి వాలి కంట్రోలర్ పట్టుకోవడం చాలామంది నాన్నలు చేసే పని. దయచేసి చేయకండి. అలసిన మనిషికి ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు, సోఫా సందులోకి జారిన పసిబిడ్డకు ఊపిరాడదు. జోకొట్టాక గట్టి పరుపు మీద, వెల్లకిలా పడుకోబెట్టి, ఆ తర్వాతే ఆటకు కూర్చోండి. మీకు కళ్లు మూతలు పడుతున్న రాత్రి మాత్రం ఆట కాదు, నిద్రే ముందు.

పుట్టిన కొత్తలో బిడ్డకు పగలూ రాత్రీ తేడా ఉండదు. మూడో నెల దాటుతుండగా ఆ తేడా శరీరానికి తెలియడం మొదలై, రాత్రి నిద్ర మెల్లగా సాగుతుంది. నాలుగో నెలలో మళ్లీ కొంత చెదిరినా కంగారు పడకండి.

రేణిగుంట రోడ్డు తండ్రి:

మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, కాబట్టి మీ దశ దాటి వచ్చినవాడిని.

స్క్వాడ్ సంగతి ఎవరూ చెప్పలేదు. మీ స్నేహితులకు విషయం నేరుగా చెప్పి, ఆరు నెలలపాటు నాలుగో స్థానంలో ఇంకొకరిని పెట్టుకోమనండి. పూర్తి బీజీఎంఐ మ్యాచ్ అరగంట పడుతుంది. టీమ్ డెత్‌మ్యాచ్ అయితే పది నిమిషాల్లోపే ముగుస్తుంది, చనిపోయినా వెంటనే తిరిగి వస్తారు కాబట్టి ఒకరు లేచిపోయినా పెద్ద నష్టం ఉండదు. పాప పడుకున్న రోజున అందులో కలవండి. నిజమైన స్నేహితులైతే స్థానం ఉంచే ఉంటారు, మావాళ్లు ఉంచారు.

నా చిన్నతనంలో, 1990లలో, టీవీకి తగిలించి కాసెట్ పెట్టి ఆడే గేమ్‌లు ఉండేవి. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’లో సేవ్ అన్నదే లేదు. అమ్మ అన్నానికి పిలిస్తే పాజ్ నొక్కి, టీవీ కట్టేసి, డబ్బాను మాత్రం ఆన్‌లోనే ఉంచి వెళ్లేవాళ్లం. దాని మీద చెయ్యి పెడితే కాలేది. తెగిన ఆటను ఓపికగా మళ్లీ మొదటి నుంచి ఆడటం మా తరానికి అలవాటైంది అప్పుడే. మీరూ ఒక పని చేయండి, లేచిపోయే ముందు కథ ఎక్కడిదాకా వచ్చిందో ఒక్క వాక్యం నోటు పుస్తకంలో రాసుకోండి. ఎవరిని కలవాలి, ఎందుకు కలవాలి, అంతే. పది రోజుల తర్వాత తిరిగి కూర్చున్నప్పుడు మొదటి అరగంట తికమక ఉండదు. ‘విచర్ 3’ నేను పూర్తిచేసింది అలాగే, నెలలు పట్టినా దాని రుచి తగ్గలేదు.

స్విచ్ తెచ్చుకుంటానన్నారు కాబట్టి ఇంకో సంగతి. దాని గేమ్ కార్డు తపాలా బిళ్లంత ఉంటుంది. పిల్లలు మింగకుండా కంపెనీ దాని మీద డినాటోనియం బెంజోయేట్ అనే విపరీతమైన చేదు పదార్థం పూస్తుంది. నాలుకకు తగిలితే పిల్లలు ఉమ్మేస్తారు, కానీ ఆ చేదును నమ్ముకొని కార్డులను కింద వదలకండి. కొన్ని రిమోట్లలో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీలకు అటువంటి పూత ఉంటుందని అనుకోవడానికి లేదు, అవి మింగితే గొంతు లోపల గంటల్లోనే కాలుతుంది. పాప ఏడెనిమిది నెలలకు పాకడం మొదలుపెడుతుంది. ఆ లోపే కన్సోల్‌ను నడుము ఎత్తుకు మించిన అరలోకి మార్చి, వైర్లను గోడకు క్లిప్పులతో బిగించండి. కంట్రోలర్ ఛార్జింగ్ వైరు మాత్రం వాడగానే తీసి పెట్టాలి, మావాడు మొట్టమొదట నోట్లో పెట్టుకున్నది దాని కొసే.