ఇంటికొచ్చే పత్రికల కాగితం, కవర్ల చెత్త ఎలా తగ్గించుకుంటున్నారు?

తార్నాక టీచర్:
మా ఇంటికి నెలకు ఐదు పత్రికలు పోస్టులో వస్తాయి. అత్తయ్యకు భక్తి మాసపత్రిక, మావారికి బిజినెస్‌ది, పిల్లలకు రెండు, మరిదికి పోటీ పరీక్షలది. ఒక్కోదానికి ఒక ప్లాస్టిక్ కవరు, లోపల ప్రకటనల కాగితాలు. మొన్న భోగికి అటక దులిపితే మూడు గోనె సంచులు నిండాయి. ఇంట్లోవాళ్లు భోగి మంటలో వేసేద్దామన్నారు. ఆ కవర్లూ రంగుల అట్టలూ పిల్లల ముందు కాల్చడానికి నాకు మనసొప్పలేదు. పాత పేపర్లాయనేమో న్యూస్‌పేపర్ రేటు వీటికి రాదన్నాడు. చదవడం మానకుండా ఈ చెత్త తగ్గించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మల్కాజిగిరి పాఠకుడు:
అమ్మడం, ఇవ్వడం తర్వాతండీ. ముందు ఏది చదువుతున్నారో చూసుకోండి. మేం మూడు నెలల పాటు, పత్రిక వచ్చిన తేదీని కవరు మీదే పెన్నుతో రాసి టీవీ పక్కన పెట్టాం. నాలుగింటిలో రెండింటికి, కవరు విప్పకుండానే తర్వాతి సంచిక వచ్చేసింది. ఆ రెండూ డిస్కౌంట్ ఉందని మూడేళ్లకు కట్టినవి. ఇప్పుడు ఏడాదికి మించి చందా కట్టడం లేదు. ఒకటైతే చందా అయిపోయాక కూడా వస్తూనే ఉంది. ఫోన్ చేస్తే పట్టించుకోలేదు. చిరునామా చీటీ మీదుండే చందా నంబరు వేసి మెయిల్ పెట్టాక ఆగింది. మీకూ అలా వస్తుంటే కవరు విప్పకండి. తీసుకోనని చెప్పి పోస్ట్‌మ్యాన్‌కే తిరిగి ఇచ్చేయొచ్చు.

చిక్కడపల్లి అభ్యర్థి:
అక్కా, మీ మరిది గారి పత్రికలు తూకానికి వేయకండి. ఇక్కడ సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుటి నుంచీ చదువుకునేవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఏడాది లోపువైతే కళ్లకద్దుకుని తీసుకుంటాం. కరెంట్ అఫైర్స్ పాతబడితే మాకూ పనికిరావు. అటకెక్కించకుండా నెలనెలా ఇస్తే మేలు.

కూకట్‌పల్లి గృహిణి:
మా అపార్ట్‌మెంట్‌లో ఇంతకుముందు ఒకే వారపత్రిక మూడిళ్లకు వచ్చేది. ఇప్పుడు ఆరిళ్లవాళ్లం కలిసి తెప్పించుకుంటున్నాం. అట్ట మీద ఫ్లాట్ నంబర్లు రాస్తాం, చదివినవాళ్లు తమ నంబరు కొట్టేసి పక్కింటికి ఇవ్వాలి. మొదట్లో ఒకరు వంటల పేజీ చింపుకున్నారు, ఇంకొకరు గళ్ల నుడికట్టు నింపేశారు, కాస్త మాటామాటా అయింది. ఇప్పుడు వంటలకు ఫోన్‌లో ఫొటో, నుడికట్టుకు పెన్సిల్.

తార్నాక టీచర్:
పెన్సిల్ పద్ధతి బాగుందండీ. మావారు డిజిటల్‌కు ఒప్పుకున్నారు. అత్తయ్య ఫోన్‌లో చదవలేరు, ఆవిడ పత్రిక కాగితమే ఉంచుతాను. ఆ విషయంలో ఆవిడను ఇబ్బంది పెట్టను.

బోయిన్‌పల్లి పాత పేపర్ల కొట్టు:
మీ పేపర్లాయన అన్నది నిజమేనమ్మా. ఆ నున్నటి కాగితానికి సుద్దలాంటి తెల్ల పూత ఉంటుంది. తూకంలో పూత బరువూ కలుస్తుంది, మిల్లుకు దక్కే నార తక్కువ. అందుకే రేటు తక్కువ. అయినా పనికొచ్చే సరుకే. పిన్నులు పీకుతూ కూర్చోకండి, మిల్లులో గుజ్జు చేసేటప్పుడు విడిపోతాయి. అట్ట మాత్రం కొంచెం చింపి చూడండి. అంచున సన్నటి పొర సాగితే అది లామినేషన్, దాన్ని వేరు చేయండి. అన్నిటికన్నా చేటు తడి. కూరగాయల తొక్కలతో కలిపి చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలో వేస్తే ఎంత మంచి కాగితమైనా పాడైనట్టే. ఇంకో మాట, ఈ కాగితాల్లో బజ్జీలు, పకోడీలు చుట్టకండి. సిరాలోని రసాయనాలు తిండిలోకి దిగుతాయని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా హెచ్చరించింది.

మల్కాజిగిరి పాఠకుడు:
మరి ప్లాస్టిక్ కవర్లు?

బోయిన్‌పల్లి పాత పేపర్ల కొట్టు:
చిరునామా అంటించిన ముక్క కత్తిరించి, మిగతాది పొడిగా ఒక సంచిలో కూరుతూ ఉండండి. ఒకటీ రెండూ ఎవరూ తీసుకోరు, సంచి నిండాక ఇవ్వండి.

కూకట్‌పల్లి గృహిణి:
అసలు ఆ కవరు ఎందుకండీ? చిన్నప్పుడు పత్రిక చుట్టూ కాగితం పట్టీ ఒక్కటే ఉండేది. 2022 జులై 1 నుంచి స్వీట్ బాక్సులు, ఆహ్వాన పత్రికలు, సిగరెట్ పెట్టెల మీద చుట్టే ప్లాస్టిక్ ఫిల్మ్‌ను దేశమంతటా నిషేధించారు. పత్రికల కవరు ఆ జాబితాలో లేదు. చందా కట్టేవాళ్లమే అడగాలి.

తార్నాక టీచర్:
నెల తర్వాత రాస్తున్నాను. పోటీ పరీక్షల పత్రికలు చిక్కడపల్లి చేరాయి. పిల్లలవి కింది ఫ్లాట్ వాళ్లతో పంచుకుంటున్నాం, ఒకటి మేము, ఒకటి వాళ్లు. ఇప్పుడు మా పేరు మీద పోస్టులో వచ్చేవి మూడే. కాగితం పట్టీతో పంపమని ముగ్గురు ప్రచురణకర్తలకూ ఉత్తరాలు రాశాను. జవాబు ఇంకా రాలేదు, ఈ వారం మళ్లీ రాస్తున్నాను.