ఒకటి పడితే కత్తి విరగాలా? మా ఫైటర్ అలిగాడు

ప్రశ్న: ఆదివారాలు మా ఇంట్లో ఐదుగురం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ కథలో పాత్రలుగా ఆడే ఆట) ఆడుతున్నాం. 2014 నాటి ఐదో ఎడిషన్, డీఎం, అంటే కథనీ రాక్షసుల్నీ నడిపేది, నేనే. పోరాటాలు చప్పగా సాగుతున్నాయని ఒక హౌస్ రూల్ (మా సొంత నియమం) పెట్టాను: దాడికి వేసిన డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద ఒకటి పడితే ఆయుధం విరిగిపోతుంది. మొదట్లో అందరూ నవ్వుకున్నారు. ఐదో లెవెల్‌కి వచ్చేసరికి ఫైటర్ (యోధుడి పాత్ర) ఆడే తమ్ముడు మూడు కత్తులు పోగొట్టుకుని "నేనూ విజార్డ్ (మాంత్రికుడు) అయిపోతా" అంటున్నాడు. రూల్ తీసేయాలా?

జవాబు: తీసేయండి. అసలు రూల్ పుస్తకంలో ఒకటి పడితే దెబ్బ తప్పుతుంది, అంతే.

మరో జవాబు: తీసేసే ముందు లెక్క చూడండి, మీ తమ్ముడి కోపంలో న్యాయం ఉంది. ఒకటి పడే అవకాశం నూటికి 5. ఐదో లెవెల్ ఫైటర్ టర్నుకి రెండు దెబ్బలు వేస్తాడు. రౌండుకి ఒక టర్ను, కాబట్టి నాలుగు రౌండ్ల పోరాటమంటే ఎనిమిది దెబ్బలు, అంటే కనీసం ఒక్కసారైనా కత్తి విరిగే అవకాశం సుమారు 34 శాతం. పదకొండో లెవెల్లో టర్నుకి మూడు దెబ్బలు, అది 46 శాతానికి చేరుతుంది. నేర్పు పెరిగేకొద్దీ కత్తి ఎక్కువగా విరగడమేంటండీ! అదే లెవెల్లో విజార్డ్ ఫైర్‌బాల్ (నిప్పుబంతి మంత్రం) వేస్తే, తప్పించుకోడానికి డీ20 వేసేది శత్రువులే. అతనికి ఒకటి పడే ప్రసక్తే లేదు.

అడిగినవారు: కానీ రాక్షసులకీ అదే రూల్ పెట్టాను కదా?

అదే సభ్యుడు: గోబ్లిన్ కత్తి విరిగితే దానికేం నష్టం? ఎలాగూ రెండు రౌండ్లలో చచ్చేదే. ఫైటర్ కత్తి ఆట మొత్తం అతని నడుముకి వేలాడాలి.

మేం ఆడేది ఇలా. టర్నులో మొదటి దెబ్బకి ఒకటి పడితేనే లెక్క. దాంతో లెవెల్ పెరిగినా ప్రమాదం పెరగదు. పడినా విరగదు, అంచుకి ఒక గంటు పడుతుంది, గంటుకి డ్యామేజ్ (శత్రువుకి తగిలే నష్టం) ఒకటి తగ్గుతుంది. మూడు గంట్లున్న కత్తికి మళ్లీ ఒకటి పడితేనే విరుగుతుంది. షార్ట్ రెస్ట్‌లో (పోరాటాల మధ్య చిన్న విశ్రాంతిలో) సాన పడితే ఒక గంటు పోతుంది. సానరాయి ధర పుస్తకంలో ఒక్క రాగి నాణెమే, కాబట్టి డబ్బుల్లేవనే గొడవ లేదు. మాయా ఆయుధాలను మాత్రం ముట్టుకోకండి, వాటి కోసమే కదా గుహలన్నీ తిరిగేది.

ఇంకో సభ్యుడు: చప్పదనమే సమస్యైతే శిక్షతో రుచి రాదు. 2024 పుస్తకంలో ఒక్కో ఆయుధానికి ఒక్కో మాస్టరీ (ప్రత్యేక ప్రభావం) ఇచ్చారు. గ్రేట్‌సోర్డ్ దెబ్బ తప్పినా కొంత డ్యామేజ్ తగులుతుంది, గ్రేట్‌యాక్స్ పక్కనున్నవాడిని కూడా నరకగలదు, వార్‌హ్యామర్ శత్రువును పది అడుగులు వెనక్కి నెడుతుంది. మీ పాత ఎడిషన్‌లోకి ఈ మూడూ తెచ్చుకున్నా చాలు. అన్నీ తెచ్చుకుంటే ప్రతి టర్నూ పుస్తకం తిరగేయాలి, నా అనుభవం.

అడిగినవారు: గంట్ల రూల్‌తో నిన్న ఆడాం. తమ్ముడి కత్తికి రెండు గంట్లు పడ్డాయి. రాత్రి మంట దగ్గర కూర్చుని సాన పడుతున్నానని వాడే వర్ణించుకున్నాడు, పది నిమిషాలు! ఒక్క డౌట్ మిగిలింది. మా రేంజర్ విల్లుకి గంటు ఎలా పడుతుంది?

గంట్ల రూల్ చెప్పిన సభ్యుడు: నారి తెగిందనండి. కొత్తది కట్టడానికి ఒక యాక్షన్ (ఆ టర్నులో చేయాల్సిన ముఖ్యమైన పని) పోతుంది.