మాక్‌బెత్ వ్యాసం: ఇంట్రో ముందు రాయాలా, చివర్లోనా?

చివరిబెంచి: ఎంఏ ఇంగ్లిష్, షేక్‌స్పియర్ పేపర్, మాక్‌బెత్ నాటకం మీద ప్రశ్న. "మాక్‌బెత్ పతనానికి మంత్రగత్తెలు ఎంతవరకు కారణం?" గైడ్‌లో ఇంట్రో "1564లో స్ట్రాట్‌ఫర్డ్‌లో పుట్టిన షేక్‌స్పియర్..." అని మొదలైంది. ఇది రాయొచ్చా?

రెడ్‌పెన్: ఆ పుట్టుక కొట్టేయండి, ప్రశ్న మంత్రగత్తెల గురించి. మూడు వాక్యాలు చాలు. మంత్రగత్తెలు మాక్‌బెత్‌ను రాజవుతావన్నారు గానీ, ఉన్న రాజును చంపమనలేదు: ఇది జవాబు. పక్కనే నిలబడి తన జోస్యం తనూ విన్న తోటి సేనాని బాంకో ఎవర్నీ చంపలేదు: ఇది ఆధారం. మొదటి అంకంలో వాళ్లే ఎదురొస్తారు, నాలుగో అంకంలో మాక్‌బెత్తే వెతుక్కుంటూ పోతాడు: వ్యాసం నడిచే వరస ఇది. "ఈ వ్యాసంలో చర్చించబోతున్నాను" లాంటివి వద్దు. పెన్ను పెట్టకముందే ఇదంతా తేలాలి.

గోదారిగట్టు: ముందే ఎలా తేలుతుందండీ? మంత్రగత్తెల తప్పేం లేదని మొదలెడతారు. నాలుగో అంకానికొచ్చేసరికి, వాళ్లు మంత్రంతో రప్పించి చూపించిన ఛాయలే మాక్‌బెత్‌కు లేనిపోని ధీమా ఇచ్చాయని రాయక తప్పదు. అప్పుడా ఇంట్రో ఏం చేస్తారు? మొదటి పేజీలో ఆరేడు లైన్లు వదిలి మధ్య పేరాలు రాయండి. ఇంట్రో చివర్లో నింపండి.

రెడ్‌పెన్: పరీక్షలో ఖాళీ వదలడమా! టైమైపోతే దిద్దేవాళ్ల కంట మొదట పడేది అదే.

గోదారిగట్టు: చివరి పది నిమిషాలు దానికే ఉంచుకోమంటున్నా.

రెడ్‌పెన్: ఆ పది నిమిషాలూ మొదట్లో పెట్టి రఫ్ పేజీలో పాయింట్లు వేసుకుంటే ఖాళీ అవసరమే రాదు.

చివరిబెంచి: ఖాళీ గోల ఆపండి బాబూ. కంక్లూజన్?

నిశాచరి: ఇంట్రోనే మాటలు మార్చి రాసెయ్. అందరూ చేసేదదే.

గోదారిగట్టు: అందుకే అందరికీ అవే మార్కులు. కంక్లూజన్‌లో కొత్త కొటేషన్ వద్దు గానీ ఇంట్రో కన్నా ఒకడుగు ముందుకెళ్లాలి. స్కాట్లండ్ ప్రభువు మాక్‌డఫ్‌తో జాగ్రత్త అని ఛాయ చెప్పిన మాట నిజం. అతను ఇంగ్లండ్ పారిపోయాడని తెలిశాక అతని భార్యాబిడ్డల్ని చంపించమని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ హత్య మధ్య పేరాల్లోనే వచ్చేయాలి. జోస్యంతో పనిలేకుండా చంపే దశకు చేరాడని చివర్లో తేల్చండి. "ఎంతవరకు" అని అడిగారు కాబట్టి మంత్రగత్తెల బాధ్యత ఎక్కడ ఆగిందో చెప్పాలి. షేక్‌స్పియర్ మహాకవి అన్న ముగింపు దేనికీ జవాబు కాదు.

నిశాచరి: చెప్పడం తేలికే! తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు గైడ్ ఇంట్రో బట్టీ పట్టకపోతే పేజీ మొదలే కాదు.

రెడ్‌పెన్: రేపు లేడీ మాక్‌బెత్ మీద అడిగితే ఆ బట్టీ ఏం చేసుకుంటారు? బద్ధకానికి మీడియం సాకా?

నిశాచరి: బద్ధకమా? పాయింట్ తప్పుతుందని మీ భయం. మాకు గ్రామర్ తప్పుతుందని భయం. ఇన్ని పోస్టుల్లో ఒక్కరైనా ఆ సంగతి ఎత్తారా?

గోదారిగట్టు: అది న్యాయమైన మాట. మరైతే చిన్న వాక్యాలే రాయండి. "ద విచెస్ డు నాట్ టెల్ మాక్‌బెత్ టు కిల్. బాంకో ఆల్సో హియర్స్ ఎ ప్రాఫెసీ. హీ కిల్స్ నోబడీ." ఇందులో తప్పు పోయేదేముంది? గైడ్‌లో ఆరు లైన్ల వాక్యం కన్నా ఇదే నయం.

రెడ్‌పెన్: ఆ మూడు వాక్యాలు ముందే రాయగలిగితే ఇక ఖాళీ దేనికండీ? మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదేగా.