ఆస్ప్రేలో అన్నీ మూడేసి ఉన్నాయి కదా, మరి 1991లో ఎలా పడింది?

రెక్కలపిచ్చి: వి-22 ఆస్ప్రే (రెక్కల చివర రోటర్లు పైకి తిప్పి హెలికాప్టర్‌లా, ముందుకి వాల్చి విమానంలా ఎగిరే అమెరికా మిలిటరీ విమానం) ఫ్లైట్ కంట్రోల్స్ గురించి చదువుతున్నా. ఫ్లై బై వైర్ (పైలట్ ఆదేశాలు కంప్యూటర్ ద్వారా వైర్లలో వెళ్తాయి), అన్నీ మూడేసి పెట్టారు, ఒకటి పాడైనా మిగతా రెండూ చూసుకుంటాయి అంటున్నారు. మరి 1991 జూన్‌లో ఐదో ప్రోటోటైప్ మొదటిసారి ఎగిరిన రోజే అమెరికాలోని డెలావేర్ రాష్ట్రం విల్మింగ్టన్‌లో ఎందుకు పడిపోయినట్టు? ఇంకోటి, తోక రోటర్ లేకుండా హోవర్‌లో (గాల్లో ఒకేచోట నిలబడ్డప్పుడు) ముక్కు ఎలా తిప్పుతారు దీన్ని?

హైదరాబాద్_ఏరో: ముందు రెండోది చెప్తా బ్రో. రోటర్లు రెండూ ఒకదానికొకటి ఆపోజిట్‌గా తిరుగుతాయి, టార్క్ (విమానాన్ని ఎదురు దిక్కుకి మెలిపెట్టే బలం) అక్కడే క్యాన్సిల్, ఇక తోక రోటర్‌తో పనేముంది. ముక్కు ఎడమకి తిరగాలంటే కుడి రోటర్ డిస్క్ కాస్త ముందుకి, ఎడమది వెనక్కి వాలుతుంది. రోల్ (పక్కకి ఒరగడం) కావాలంటే ఒకవైపు బ్లేడ్ పిచ్ (రోటర్ బ్లేడ్ వాలు కోణం) పెంచి రెండోవైపు తగ్గిస్తారు. నాసెల్స్ (రెక్కల చివర ఇంజన్, రోటర్ ఉండే తొడుగులు) ముందుకి వాలేకొద్దీ అదే స్టిక్ కదలిక మెల్లగా రెక్కల మీది ఫ్లాపరాన్లకీ, తోక మీది ఎలివేటర్‌కీ రడ్డర్లకీ (మామూలు విమానాన్ని తిప్పే కదిలే పలకలు) మారిపోతుంది, ఆ మిక్సింగ్ అంతా కంప్యూటరే చూసుకుంటుంది, పైలట్ బొటనవేలితో చిన్న చక్రం తిప్పి నాసెల్ యాంగిల్ చెప్తాడు అంతే.

గైరోగాడు: క్రాష్ సంగతి నేను చెప్తా. రోల్ రేట్ సెన్సర్లు (ఎటువైపు ఎంత వేగంగా ఒరుగుతోందో కొలిచేవి) మూడుంటే రెండింటికి వైర్లు రివర్స్‌లో కలిపారు. కంప్యూటర్ మెజారిటీ మాటే వింటుంది కదా, నిజం చెప్తున్న ఆ ఒక్కదాన్నే పాడైందనుకుని పక్కన పెట్టేసింది 😅 ఇక కుడికి ఒరిగితే ఎడమకి ఒరిగినట్టు లెక్కేసి ఇంకా కుడికే తోస్తుంది, పైలట్ సరిచేద్దామన్నా ఊగుడు పెరుగుతూనే పోయింది. 15 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి సరిపోయింది, ఎడమ నాసెల్ నేలకి కొట్టుకుని పడింది, ఇద్దరికి చిన్న దెబ్బలు.

రెక్కలపిచ్చి: మరి ఎగరకముందు చెక్ చేస్తే తెలీదా అన్నా?

గైరోగాడు: కదలకుండా నిలబడ్డ విమానంలో రేట్ సెన్సర్ చూపించేది సున్నా, రివర్స్‌లో కలిపినా సున్నానే. మూడూ కలిసినట్టే కనిపిస్తాయి. సెన్సర్‌ని నిజంగా ఒకవైపు తిప్పి రీడింగ్ ఏ సైన్‌తో వస్తుందో చూస్తేనే దొరుకుతుంది. నన్నడిగితే తప్పు డిజైన్‌ది కాదు, టెస్టింగ్‌ది.

హైదరాబాద్_ఏరో: డిజైన్‌ని అంత ఈజీగా వదిలేయకండి గారూ. 2000 డిసెంబర్‌లో నార్త్ కరోలినాలో పడింది చూడండి, వైర్ల కట్ట రాసుకుని హైడ్రాలిక్ లైన్ చిల్లుపడింది, వార్నింగ్ లైట్ వస్తే పైలట్లు పద్ధతి ప్రకారమే రీసెట్ బటన్ నొక్కారు, నొక్కిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ లోపం వల్ల బ్లేడ్ పిచ్ ఎగుడుదిగుడుగా మారింది. నలుగురు చనిపోయారు. అందులో వైరింగ్ ఒక్కటే తప్పంటే నేనొప్పుకోను.