కలరా బ్యాక్టీరియాలో హ్యాప్‌ఆర్ అనే బ్రేకు ప్రోటీన్ పాడైతే దాడిని ఆపేదెవరు?

క్వోరమ్ సెన్సింగ్ (బ్యాక్టీరియాలు సంకేత అణువులతో తమ గుంపు ఎంత చిక్కగా ఉందో పసిగట్టడం) మీద సెమినార్‌కు సిద్ధమవుతూ ఒకచోట చిక్కుకుపోయాను. తెలిసినవారు కాస్త విడమరిచి చెప్పగలరా?

నాకు అర్థమైనంతవరకు కలరా బ్యాక్టీరియా విబ్రియో కలరే పద్ధతి చాలా బ్యాక్టీరియాలకు తలకిందులు. గుంపు పలచగా ఉన్నప్పుడే దాడి మొదలుపెడుతుంది. ఆఫ్‌ఎ, ఆఫ్‌బి ప్రోటీన్లు కలిసి టీసీపీపీ జన్యువును తట్టి లేపుతాయి. టీసీపీపీ, టాక్స్‌ఆర్ ప్రోటీన్లు కలిసి టాక్స్‌టీ అనే మరో నియంత్రక ప్రోటీన్‌ను తయారు చేయిస్తాయి. కలరా విషానికి, పేగులో నిలదొక్కుకోవడానికి కావలసిన పైలస్‌కు (కణం మీది సన్నని నూలుపోగులాంటి నిర్మాణం) మీట టాక్స్‌టీయే. గుంపు చిక్కబడి సంకేత అణువులు పోగయ్యాక హ్యాప్‌ఆర్ రంగంలోకి దిగి ఆఫ్‌ఎ జన్యువును అణచివేస్తుంది. బయోఫిల్మ్ (కణాలు అంటుకుని ఉండే జిగురు పొర) జన్యువులూ తగ్గుముఖం పడతాయి, ప్రోటియేజ్ (ప్రోటీన్లను తుంచే ఎంజైమ్) తయారవుతుంది. మూటాముల్లె సర్దుకుని బయల్దేరినట్టే! ఇంతవరకు ముచ్చటగా ఉంది.

అయితే 2000లో పూర్తి జన్యుక్రమం వెలువడిన ఎన్16961 అనే ఎల్ టార్ (కలరా బ్యాక్టీరియాలో ఒక ఉపరకం) రకంలో హ్యాప్‌ఆర్ జన్యువుకు ఫ్రేమ్‌షిఫ్ట్ (జన్యువు చదివే వరుస జరిగిపోయే ఉత్పరివర్తన) ఉంది, ప్రోటీన్ పనిచేయదు. అయినా అది రోగాన్ని కలిగిస్తుంది. నేను స్లైడ్‌లో గీసిన అందమైన బొమ్మంతా ఇక్కడే కూలిపోయింది.

బ్రేకు లేని ఈ రకం ఎప్పుడు ఆగాలో ఎలా తెలుసుకుంటుంది? సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న సంకేత అణువుతో కలిసిన సీఆర్‌పీ అనే నియంత్రక ప్రోటీన్ కూడా టీసీపీపీని అణచగలదని చదివాను, అదొక్కటే సరిపోతుందా? పైగా ఇలాంటి ఉత్పరివర్తనలు ప్రయోగశాలలో పదేపదే పెంచడం వల్ల వచ్చినవా, లేక పేగులోనే వాటికేదైనా లాభం ఉందా? ఈ చివరి ప్రశ్నకు ప్రయోగాల ఆధారంతో జవాబు దొరికితే మరీ మంచిది.