ఏడేళ్ల పాప దయ్యం కనిపిస్తోందంటోంది, ఏమని చెప్పాలి?

ప్రశ్న: పర్లాకిమిడి (ఒడిశా) నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా పాపకు ఏడేళ్లు, రెండో తరగతి చదువుతోంది. వేసవి సెలవులు అయిపోయినప్పటి నుంచి, రాత్రి లైటు ఆర్పిన కాసేపటికి బియ్యం డ్రమ్ము పక్కన ఒకావిడ కూర్చుని తనవైపే చూస్తోందని చెబుతోంది. ఏడవదు, కేకలు పెట్టదు. నా కొంగు పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటుంది. తెల్లవారాక అడిగితే ఆవిడ చీర రంగు కూడా చెబుతుంది. పగలు మాత్రం బడికి మామూలుగానే వెళ్తోంది, తిండికీ ఆటలకూ లోటు లేదు. మా వారు "దయ్యాలూ లేవు, గియ్యాలూ లేవు, కళ్లు మూసుకో" అని గదమాయిస్తారు. మా అత్తగారు గాలి సోకిందంటూ గుణియా (భూతవైద్యుడు) దగ్గరకు తీసుకువెళ్లి తాయెత్తు కట్టించాలని పట్టుబడుతున్నారు. పైగా "ఆవిడ ఎవరిలా ఉంది, మన వీధిలో వాళ్లెవరైనానా?" అని పాపను రోజూ ఆరా తీస్తున్నారు. ఉందంటే భయం పెరుగుతుంది, లేదంటే నా దగ్గర కూడా చెప్పడం మానేస్తుంది. నేనేమనాలి?

జవాబు: బరంపురం, పిల్లల వార్డులో నర్సు

అమ్మా, మీరు రాసినదాన్నిబట్టి చూస్తే ఇది నిద్రలోకి జారుకునే వేళ కనిపించే దృశ్యంలా ఉంది. మెలకువకూ నిద్రకూ మధ్యనున్న ఆ కొద్ది సమయంలో మనసు కల్పించిన బొమ్మ కళ్లెదుటే ఉన్నట్టు తోస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకూ పెద్దలకూ ఇది జరుగుతుంది. నిద్రపోయిన గంటా రెండు గంటలకు లేచి, కళ్లు తెరిచే ఉన్నా ఎవరినీ గుర్తుపట్టకుండా కేకలు పెట్టి, తెల్లవారేసరికి ఏమీ గుర్తులేని పిల్లల సంగతి వేరు. వాళ్లను కుదిపి లేపకూడదు, పడిపోకుండా పక్కన ఉంటే చాలు.

పాపతో "నాకు ఎవరూ కనిపించడం లేదమ్మా, కానీ నీకు భయమేస్తోందని తెలుస్తోంది, నేను నీ పక్కనే ఉన్నాను" అనండి. ఇందులో అబద్ధమూ లేదు, గద్దింపూ లేదు. పగటిపూట ఇద్దరూ కలిసి ఆ డ్రమ్మును వేరే చోటికి జరపండి, దండెం మీది బట్టలు తీసేయండి, దోమతెరలోంచి గది ఎలా కనిపిస్తుందో పాపతో పాటు పడుకుని చూడండి. చేతికి ఒక టార్చిలైటు ఇవ్వండి. నిద్ర చాలకపోయినా ఇలాంటివి ఎక్కువవుతాయి కాబట్టి రోజూ ఒకే వేళకు పడుకోబెట్టండి.

అయితే కొన్ని గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకండి. జ్వరంతో పాటు ఏవేవో కనిపిస్తున్నాయంటే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. మన కొండ ప్రాంతాల్లో మలేరియా మెదడుకు ఎక్కే ప్రమాదం ఉంది. కొత్తగా వాడుతున్న జలుబు మందు వల్లనో, ఆటల్లో ఉమ్మెత్త కాయ తినడం వల్లనో కూడా పిల్లలకు లేనివి కనిపిస్తాయి. ఉన్నట్టుండి చూపు నిలిచిపోవడం, మూతి వంకర పోవడం, చెయ్యి ఎగరడం ఉంటే అది మూర్ఛ కావచ్చు. పట్టపగలు పూర్తి మెలకువలో కనిపించినా, ఏవో గొంతులు ఫలానా పని చేయమని చెబుతున్నాయన్నా బరంపురంలోని ఎం.కె.సి.జి. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి. అంత దూరం వెళ్లేలోగా మానసిక ఆరోగ్య సలహాల ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

జవాబు: జయపురం నుంచి

నర్సుగారి మాటలో ఒకదానితో నేను ఏకీభవించలేను. దయ్యాలు లేవన్న నిజం పిల్లకు స్పష్టంగా చెప్పాలి. "నాకు కనిపించడం లేదు" అని ఊరుకుంటే, అమ్మకు కనిపించకపోయినా ఉందేమోనని పాప అనుకోదా?

జవాబు: రాయగడ, విశ్రాంత ఉపాధ్యాయుడు

చెప్పవలసిందే, అయితే పగలు చెప్పాలి. చీకట్లో వణుకుతున్న పిల్లకు ఉపన్యాసం ఎక్కదు. ఉదయం పాప తానే అడిగినప్పుడు నింపాదిగా చెబితే వింటుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ అత్తగారి ప్రశ్న. ఎవరిలా ఉందని పదేపదే అడిగితే, పెద్దల మెప్పు కోసమైనా పిల్లలు ఒక పేరు చెబుతారు. ఆ పేరు వీధి చివర ఒంటరిగా ఉండే ముసలావిడదైతే, తర్వాత ఏమవుతుందో మన జిల్లాల్లో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఊళ్లున్నాయి; అందుకే ఒడిశాలో 2013లో ప్రత్యేకంగా చట్టం తేవలసి వచ్చింది. కనుక ఆ ప్రశ్నను ఈ రోజే ఆపించండి.

అలాగని అత్తగారిని పూర్తిగా కాదనకండి. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేస్తే ఆవిడ మనసు కుదుటపడుతుంది, పిల్లకు నష్టం లేదు. వేపమండలతో కొట్టడం, పొగ పట్టించడం, వాతలు పెట్టడం వరకు వచ్చే మనిషి దగ్గరకు మాత్రం పాపను గడప దాటనివ్వకండి.

ఇంకొక్క మాట చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంది. తనను భయపెడుతున్న మనిషి పేరు చెప్పలేక పిల్లలు ఒక్కోసారి దయ్యం అంటారు. సెలవుల్లో పాప ఎవరింట్లో ఉందో, ఎవరి దగ్గరకు వెళ్లనని మొరాయిస్తోందో ఒక కన్నేసి ఉంచండి. అనుమానం బలపడితే పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098 ఉంది.

ప్రశ్న అడిగిన తల్లి

మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవుల్లో పాప మా ఆడపడుచు ఇంట్లో ఉంది. అక్కడి పిల్లలు రాత్రిళ్లు మేడ మీద దయ్యాల కథలు చెప్పుకునేవారని, ఒక కథలో చీర కట్టుకున్న ఆవిడ ధాన్యం గాదె దగ్గర కూర్చుంటుందని ఈ రోజు నెమ్మదిగా అడిగితే చెప్పింది. ఎవరి దగ్గరా భయపడుతున్నట్టు లేదు. మా అత్తగారితో మా వారు మాట్లాడతానన్నారు, దిష్టి మాత్రం తీయిస్తాం. ఈ సంగతి బడిలో టీచరుగారికి చెప్పమంటారా?

జవాబు: బరంపురం, పిల్లల వార్డులో నర్సు

టీచరుగారికి ఒక్కరికే చెప్పండి, తోటి పిల్లల ముందు ఎత్తవద్దని కూడా చెప్పండి. లేకపోతే దయ్యం పిల్ల అన్న పేరు పడుతుంది. ఏ రాత్రి కనిపించింది, ఆ రోజు ఎన్నింటికి పడుకుంది అన్నది క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. తగ్గకపోయినా, పగలు కూడా మొదలైనా, డాక్టరుగారు ముందుగా అడిగేది అదే.